రాతిపెచ్చుల దోసెలు

సుబ్బమ్మా,

మన మనవరాలికి మూడేళ్లు నిండినా మాట రాలేదు. నంద్యాల డాక్టరమ్మ చూసి, "చెవులు బాగున్నాయి, పాపతో కూర్చుని ఆడుకోండి" అంది. ఆటంట! మన కొడుకు నా ఉలికి రాలిన రాతిపెచ్చులతో ఆడితే చెయ్యెత్తినవాణ్ణి నేను. "ఆడుకోనీయబ్బా, ఆటలోనే గదా బుద్ధి వచ్చేది" అని నువ్వు అడ్డమొచ్చేదానివి. నువ్వు చెప్పిందే నిజం.

ఆళ్లగడ్డకు తిరిగొచ్చాక, రోజూ విగ్రహం పని ఆపి పాపతో నేల మీద కూర్చుంటున్నాను. ఈ పొద్దున అది పెచ్చులను దోసెల్లా తిప్పి, ఒకటి నా చేతిలో పెట్టింది. తిన్నట్టు నమిలాను. రెండోదానికి చెయ్యి చాపితే తోసేసింది. గోడ మీద నీ ఫోటో చూపించి, "జేజికి" అంది. నానమ్మవని నీకే దాచింది. అదే తొలి మాట.

సాయంత్రం కోడలు నీకని ఉంచిన పెచ్చును ఊడవబోయింది.

"ఆ పెచ్చు ఉండనీమ్మా. మీ అత్త ఇంకా రాలేదు" అన్నాను.