నీలం పట్ట

కంబన్న బావకు,

ఫోన్ చేస్తే అక్క ఎత్తుతుందని, ఈ కాగితం బస్సు కండక్టరు చేతికిచ్చి పంపుతున్నాను. ఆమెకు చూపించొద్దు.

ఈ మధ్యాహ్నం పత్తికొండ మార్కెట్లో టమోటా పెట్టెలు దించి, ఖాళీ బండితో మీ ఊరి మీదుగా వస్తున్నాను. మలుపులో దేవుడికి వదిలిన ఎద్దు అడ్డంగా నిలబడి ఉంది. దానికి తగిలితే ఇంటికి అరిష్టమని స్టీరింగు పక్కకు లాగేశాను. మీ ఊరి గంగక్క కోసి రోడ్డు మీద పరిచిన ఉలవ కట్టె మీదికి, ఆమె అంచున పేర్చిన రాళ్ల మీదికి బండి ఎక్కి దిగింది. రెండుసార్లు కుదిపింది. రాళ్లే అనుకున్నాను. గింజలు రాలాలని మీరే పంటను బండ్ల కింద పరుస్తారు కదా, తొక్కడం నాకు అలవాటే. అందుకే ఆగలేదు.

రెండు కిలోమీటర్లు పోయాక గంగక్క మాట గుర్తొచ్చింది. పోయిన వారం బండి ఆపి మరీ చెప్పింది: "ఏమప్పా, రాళ్లు దాటి రావాకు. ఎండ శానా ఉంటే నేను ఈడ్నే పట్ట కప్పుకొని పండుకుంటాండా."

బండి వెనక్కి తిప్పలేకపోయాను బావా. నువ్వు వెంటనే పోయి చూడు. ఆమె కూర్చొని నన్ను తిడుతుంటే, ఎన్ని తిట్లయినా పడతానని చెప్పు.

ఇంకొక మాట. వెనక చక్రం దగ్గర ఎర్ర గుడ్డ పేలిక ఇరుక్కుని ఉంది. తీయాలంటే భయంగా ఉంది. ఆమె పట్ట నీలంగా ఉన్నట్టు నాకు గుర్తు.

కాదు, పట్టే ఎరుపని, దాని కింద ఎవరూ లేరని రాయి బావా.

నీ బామ్మర్ది