గుమ్మి వెనక తుపాకి

18 ఏప్రిల్ 2007, బుధవారం

నాగక్క వదినకు,

నీ మరిది చిరంజీవి దండం పెట్టి రాస్తున్నాడు. ఇక్కడ నేను బాగానే ఉన్నాను, తిండికీ నిద్రకీ లోటు లేదు. అక్కడ మీరంతా బాగున్నారని తలుస్తాను అని రాయడం అలవాటు కాబట్టి అదీ రాశాను గానీ, రాయగానే సిగ్గేసింది. అన్న ఖమ్మం జైలులో కూర్చుని ఏడాది దాటింది. ఇంక మీరు బాగుండడం ఎక్కడిది? అమ్మకు నా దండాలు చెప్పు. నీ కూతురు శ్రావణి నాలుగో తరగతికి వస్తుందని రాశావు, సంతోషం.

నీ ఉత్తరం చేరి పది రోజులైంది. ఈ పది రోజుల్లో మూడుసార్లు జవాబు రాసి మూడుసార్లూ చింపేశాను. ఇది నాలుగోది. దీన్ని చింపను.

ముందు అమ్మ అడిగించిన దానికి జవాబు. ఈ ఎడారి దేశంలోనూ చెట్లున్నాయి. రోడ్డు పొడవునా ఖర్జూరం చెట్లు వరసగా నాటారు. ఒక్కో చెట్టు మొదట్లో ఒక్కో సన్నటి పైపు పెట్టి గంట గంటకీ నీళ్లు వదులుతారు. మన ఇప్పచెట్లకు ఎన్నడైనా ఎవరైనా చెంబెడు నీళ్లు పోశారా అని నవ్వొస్తుంది. ఇప్పుడు మీరు తెల్లారకముందే లేచి ఇప్పపువ్వు ఏరుతూ ఉంటారు. అమ్మను వంగనివ్వకు, కంటి ఆపరేషన్ చేయించుకున్న మనిషి.

ఇక నువ్వు అడిగినవి. ఎయిర్‌పోర్టులో నీ పని ఏమిటి, ప్రతిసారీ సామాన్ల పని అంటావు, ఏం సామాన్లో ఎందుకు రాయవు అని అడిగావు. రాయకపోవడానికి కారణం ఉంది వదినా. తుపాకులు.

వచ్చిన కొత్తలో అందరి పెట్టెలూ మోసే పనే. ఆరు నెలలయ్యాక, భద్రాచలంలో చదివిన ఇంటర్ పుణ్యాన నాలుగు ఇంగ్లీషు ముక్కలు వస్తాయని, నన్ను ఈ పనికి మార్చారు. తెల్లవాళ్లు తమ దేశాల నుంచి వచ్చి, ఇక్కడ విమానం మారి ఆఫ్రికా పోతారు. ఎందుకంటే వేటకు. అవును, వేటకే. దున్నలనీ జింకలనీ కొట్టడానికి ఇంత దూరం పోతారు. వాళ్ల తుపాకులు మిగతా పెట్టెలతో పాటు తిరిగే పట్టా మీద రావు. వేరే గదికి వస్తాయి. ఆ గది ఎక్కడుందో, అక్కడి నుంచి ఏ కౌంటరుకు పోవాలో వాళ్లకు తెలియదు. చేతిలో కాగితాలు పట్టుకుని తప్పిపోయిన మేకల్లా తిరుగుతుంటారు. నేను ఎదురుపోయి, తుపాకి పెట్టె ట్రాలీ మీద పెట్టి, దారి చూపించాలి.

ముందు పోలీసు గది. అక్కడ తాళం ఓనరే తీయాలి, మేము ముట్టుకోకూడదు. తుపాకి లోపల తూటా లేదని చూపించాలి. దాని మీద చెక్కిన నంబరు పోలీసు పైకి చదువుతాడు, కాగితంలో ఉన్న నంబరుతో సరిచూస్తాడు. తూటాలు వేరే డబ్బాలో ఉండాలి, ఐదు కిలోలకు మించకూడదు. తరువాత కస్టమ్స్, అక్కడ ఇంకో ఫారం. ఆ తరువాత వాళ్లెక్కబోయే విమానం కౌంటరు. అక్కడ మళ్లీ చీటీ కట్టి, సంతకం పెట్టించి పంపిస్తారు. ఒక్క కాగితం తక్కువైనా విమానం పోతుంది. కానీ కాగితం ఉంటే తుపాకి పట్టుకున్న మనిషిని సార్ అంటారు. ఇది నేను రోజూ చూస్తున్నాను.

పోయిన గురువారం ఒక పెద్దాయన వచ్చాడు, భార్యతో. డెబ్బై ఏళ్లుంటాయి. ఆయన తుపాకి మీద చివరి అంకె ఎనిమిది, కాగితంలో మూడు. రాసినవాడి పొరపాటు. పోలీసు ఆపాడు. ఇంక ఈ ముసలాయన పని అయిపోయిందనుకున్నాను. కానీ వాళ్లు ఏం చేశారో చెప్తాను విను. ఇద్దరికీ కుర్చీలు వేశారు. నీళ్లిచ్చారు, టీ ఇచ్చారు. వాళ్ల దేశానికి ఫోన్ చేశారు. గంటన్నరలో అక్కడి నుంచి ఫ్యాక్స్ వచ్చింది. ఈలోగా ఆ పెద్దాయన కోపంతో ఊగిపోయి పోలీసునే కేకలేశాడు. పోలీసు క్షమించమన్నాడు. ఫారం నింపుతూ, ఈ తుపాకి దేనికి అని అడిగాడు. వేటకు అన్నాడు పెద్దాయన. అంతే. ఆ ఒక్క మాట గళ్లో రాసుకుని, మంచి వేట దొరకాలని చెప్పి, చెయ్యి కలిపి పంపించాడు.

నాకు అక్కడే అన్న కళ్లముందు మెదిలాడు. స్టేషన్‌లో అన్న కూడా అదే మాట చెప్పాడని నువ్వే కదా రాశావు. "గిది పందుల కోసం సార్, మా నాయన కాలంది" అని చెప్తూనే ఉన్నాడనీ, వాళ్లు కొడుతూనే ఉన్నారనీ. జొన్న చేను పందులు తొక్కకుండా నాన్న చేయించిన నాటు తుపాకి అది. రెండేళ్లకోసారి పేలితే పేలేది, లేకపోతే మన మొహానే పొగ కొట్టేది. దానికి నంబరు లేదు, కాగితం లేదు. చెక్క మడమ మీద నాన్న కత్తితో పెట్టిన రెండు గాట్లు మాత్రం ఉన్నాయి.

ట్రాలీ తోసుకుంటూ పోతుంటే ఆ పెద్దాయన నన్ను మాటల్లో పెట్టాడు. మీ దేశంలో వేటగాళ్లున్నారా అని అడిగాడు. మా అన్న ఉన్నాడన్నాను. ఏ తుపాకి వాడతాడని అడిగాడు. ఇప్పుడు వాడడం లేదన్నాను. వయసైపోయిందా అన్నాడు. ముప్పై నాలుగేళ్లని చెప్పలేదు, అవునని తలూపాను. ఆయన్ని విమానం ఎక్కించి వచ్చి బాత్రూంలో గడియ పెట్టుకుని ఏడ్చాను.

ఇక నీ ఆఖరి ప్రశ్నకు వస్తాను. ఎంత తిప్పినా అక్కడికే రావాలి.

వచ్చిన పోలీసులు ఇల్లంతా వెతకలేదనీ, వడ్ల గుమ్మి వెనకకే నేరుగా చెయ్యి పెట్టారనీ రాశావు. గోనెసంచి విప్పకుండానే ఇదేనన్నారని రాశావు. చోటు తెలిసినవాడే చెప్పాడు, వాడెవడో నాకు తెలియాలి అని రాశావు. పందులు పడ్డప్పుడల్లా ఆ తుపాకి అడిగి తీసుకుపోయేవాడు పగిడయ్య బావ, పోలీసు క్యాంపుకు కట్టెలు వేసేదీ పగిడయ్య బావే. అందుకని గూడెంలో మన గుంపంతా ఆయనే అంటున్నారనీ, భూమి పండుగనాడు ఆయనకు గింజలు పెట్టకూడదని పెద్దలు తీర్మానం చేశారనీ రాశావు. అందరి ఇళ్ల విత్తనాలూ ఒక బుట్టలో కలిపి పూజారి దోసెడు దోసెడు పంచుతుంటే, ఆ దోసెడు దొరకనివాడు దుక్కిలో గింజ వేయకూడదు. వేయకూడదంటే ఊరు విడవమనే కదా. పైగా ఇన్‌ఫార్మర్ అనే మాట అడవిలో ఉన్నవాళ్ల చెవిన కూడా పడిందని రాశావు. మన దగ్గర ఆ మాట పడ్డ మనిషి ఎన్నాళ్లు బతుకుతాడో నీకూ తెలుసు, నాకూ తెలుసు.

పగిడయ్య బావ చెప్పలేదు వదినా. నేను చెప్పాను.

పాస్‌పోర్టుకు పోలీసు విచారణ ఉంటుంది. పోయిన ఏడు మార్చిలో నన్ను స్టేషన్‌కు పిలిపించారు. ఎస్సై ఎదురుగా బల్ల మీద నా కాగితం పెట్టుకుని, దాని మీద పెన్ను ఆడిస్తూ అడిగాడు. "మీ గూడెంల తుపాకులు ఉన్నయారా? నిజం చెప్తే నీ రిపోర్టు జల్దీ పంపిస్త" అన్నాడు. నాటు తుపాకులు అప్పగిస్తే కేసు ఉండదని అంతకుముందు వారమే చర్ల సంతలో మైకులో చెప్పారు. నేను కూడా విన్నాను. వచ్చి తీసుకుపోతారు, అన్నను నాలుగు తిట్లు తిడతారు, అయిపోతుంది అనుకున్నాను. చదువుకున్నవాడిని కదా, మైకు మాట నమ్మాను. "ఒక్కటి ఉంది సార్, మా నాయనది, పందుల కోసం" అన్నాను. ఎక్కడ అన్నాడు. గుమ్మి వెనక గోనెసంచిలో అని చెప్పాను. నన్ను ఎవరూ కొట్టలేదు వదినా. కొట్టి చెప్పించారని రాస్తే నీకు నా మీద కొంచెం జాలి కలిగేది. టీ తాగించారు.

మూడో రోజు నేను కొత్తగూడెంలో ఏజెంటు ఆఫీసులో ఉండగా పగిడయ్య బావే బస్సెక్కి వచ్చాడు. కాళ్లకు చెప్పులు కూడా లేవు. "మీ అన్నను పట్కపోయిండ్రు, జల్దీ రా" అన్నాడు. మర్నాడు నాకు ఇంటర్వ్యూ ఉంది. ఇంటర్వ్యూ అయ్యాక వస్తాను, అప్పటిదాకా వదినకు నువ్వు తోడుండు అని ఆయన్ని తిప్పి పంపాను. నాలుగు రోజులు స్టేషన్ బయట వేపచెట్టు కింద నీ పక్కన కూర్చున్నది ఆయనే కదా. ఇప్పుడు మీరంతా గింజలు పెట్టం అంటున్నది ఆయనకే.

ఇంకా ఉంది, ఇది విన్నాక నన్ను ఏమైనా అను. పోలీసులు కేసులో ఏం రాశారు? ఛత్తీస్‌గఢ్ వైపు అడవిలో తుపాకి పట్టుకుని తిరుగుతుండగా అన్నను పట్టుకున్నామని రాశారు. ఇంట్లోంచి తీసుకుపోయారని నువ్వూ అమ్మా చెప్తే కోర్టు నమ్మదు, ఇంటివాళ్లు అలాగే అంటారు, వేరే సాక్ష్యం కావాలని వకీలు అన్నాడు. ఆ సాక్ష్యం నేనే వదినా. తుపాకి గుమ్మి వెనక ఉందని ఆ ఎస్సైకి నోటితో చెప్పినవాడిని నేను. ఏ తేదీన నన్ను స్టేషన్‌కు పిలిచారో ఆ నోటీసు కాగితం ఇప్పటికీ నా పెట్టెలో ఉంది. నేను కోర్టులో నిలబడి ఉంటే అన్న ఎప్పుడో బయటికి వచ్చేవాడేమో. నాకు ఈ సంగతి వకీలు చెప్పిన రోజే తెలుసు. తెలిసి కూడా విమానం ఎక్కాను. నెలనెలా క్షేమమని రాస్తూ పదకొండు నెలలు గడిపాను. దాన్ని పిరికితనం అనాలో, ఇంకా పెద్ద మాట ఏదైనా ఉందో నాకు తెలియదు. అన్న మోసుకుని ఏరు దాటించి బడిలో వేసినవాడిని నేను.

ఆ ముసలాయన తాళం తీసి, తుపాకి బల్ల మీద పెట్టి, ఇది నాది అని గట్టిగా చెప్పి సంతకం పెట్టాడు. నేను రోజూ చూసే పనే, కానీ ఆ రోజు చూడలేకపోయాను. మర్నాడే మా సూపర్‌వైజరును కలిసి పని మానేస్తానని చెప్పాను. వీసా రద్దు చేస్తే మళ్లీ రానివ్వరని చెప్పాడు, సరే అన్నాను. మే పదో తేదీకి టికెట్ ఇస్తామన్నారు. హైదరాబాదులో దిగి, ముందు కొత్తగూడెం పోయి వకీలుకు నోటీసు కాగితం ఇస్తాను. కోర్టులో ఏం చెప్పమంటే అది కాదు, జరిగింది చెప్తాను. ఆ తరువాత స్టేషన్‌వాళ్లు నన్నేం చేస్తారో, అడవిలో ఉన్నవాళ్లు ఏమంటారో తెలియదు. భయంగానే ఉంది, లేదని అబద్ధం రాయను.

ఈ ఉత్తరం చేరగానే ఒక్కదానివే చదివి చీరకొంగున ముడేసుకోవద్దు. పండుగ దాకా ఆగొద్దు. ఆ రోజే పెద్దలను పిలిచి అందరి ముందూ గట్టిగా చదువు. ఏడో తరగతి దాకా చదివిన నోరు నీది, ఎక్కడా ఆగకుండా చదువు. ముఖ్యంగా పగిడయ్య బావనూ ఆయన భార్య జంపక్కనూ ముందు కూర్చోబెట్టు. ఈ ఉత్తరం కింద నా పేరూ, నాన్న పేరూ, పాస్‌పోర్టు నంబరూ రాస్తున్నాను. ఇది చిరంజీవి రాసింది కాదని రేపు ఎవరూ అనకూడదు. ఈ ఏడు పూజారి దోసెడు పగిడయ్య బావ ఒళ్లోనే పోయాలి. ఎవరికో ఒకరికి తగ్గించాలంటే నా వంతు తగ్గించమను.

నువ్వు మన ఇంటికి కొత్తగా వచ్చిన ఏడు గుర్తుందా? పండుగ వేటకు పోయి అన్నా నేనూ వట్టి చేతులతో తిరిగొస్తే, వేట దొరకనివాళ్లను తడిపే ఆనవాయితీకి ఆడవాళ్లందరికన్నా ముందు నువ్వే పేడనీళ్ల కడవతో దారికి అడ్డం నిలబడ్డావు. అన్న గడ్డం మీంచి పేడనీళ్లు కారుతుంటే, కుందేలు కూడా దొరకలేదా అని అడిగావు. నేను చెట్టు చాటుకు తప్పించుకున్నాను. అప్పుడూ తడిసింది అన్నే.

పదహారో తేదీ పండుగకు వస్తాను. గూడెం మొదట్లో బస్సు దిగి నడిచే వస్తాను. నా చేతుల్లో ఏమీ ఉండదు. పేడనీళ్లు కలిపి ఉంచు వదినా. మొదటి చెంబు జంపక్క చేత పోయించు, రెండోది నువ్వు పొయ్యి. ఈసారి చెట్టు చాటుకు పోను.

ఇట్లు,
తుపాకి చోటు చెప్పిన నీ మరిది,
చిరంజీవి
తండ్రి: కీర్తిశేషులు సోమయ్య
పాస్‌పోర్టు నంబరు: ఎఫ్ 4170836