నా కాగితంలో ఇంకా రెండు చుట్లు

అమ్మా,

నేను బాగున్నాను. గొంతు మాత్రం బొంగురుపోయింది, ఎందుకో చెబుతాను.

నిన్న ప్రపంచ పోటీల్లో ఆడవాళ్ళ పదివేల మీటర్ల పరుగు జరిగింది. ట్రాకు మీద ఇరవై అయిదు చుట్లు తిరగాలి. అందరికంటే వెనకబడిన అమ్మాయి చుట్లు లెక్కపెట్టే పని నాకు పడింది. గెలిచినామె గీత దాటేసరికి ఈ పిల్లకింకా రెండు చుట్లు మిగిలాయి. పక్కనున్న పెద్దాయన, “పోనీలెండి, ఇక ఆపేయమనండి” అన్నాడు. “నా కాగితంలో ఇంకా రెండున్నాయండీ” అన్నాను. ఆ పిల్లకు రెండు వేళ్ళు చూపించి గొంతు చించుకుని అరిచాను. పళ్ళ బిగువున పరిగెత్తిందమ్మా. ఆఖరి చుట్టుకు స్టేడియమంతా లేచి నిలబడింది.

తర్వాత ఒగురుస్తూ వచ్చి, “ఆ రెండు చుట్లూ మిమ్మల్ని తిట్టుకుంటూనే తిరిగానండీ” అంది. నా చెయ్యి మాత్రం వదల్లేదు. పతకం మాట దేవుడెరుగు, అంత గట్టి పిండాన్ని నా ఇన్నేళ్ళ డ్యూటీలో చూడలేదు.

కుక్కరు రబ్బరు మార్చారా? నా నీలం స్వెట్టరు కాస్త ఎండలో వేయించు. మోకాలి ఆపరేషను తర్వాత డాక్టరుగారు హాల్లో రోజుకు పది చుట్లు నడవమంటే, నువ్వు ఆరు తిరిగి పదయ్యాయంటున్నావని చెల్లి ఫోన్లో చెప్పింది. నేను ఫోన్లో అడిగితే నవ్వి దాటేస్తావని ఈ కార్డు రాస్తున్నాను, హాల్లో గోడకు అంటించుకో. చుట్లు లెక్కపెట్టేదాని తల్లివి, నువ్వే దొంగలెక్క చెబితే నా పరువేం కాను? పదంటే పదే. నన్ను తిట్టుకుంటూ తిరిగినా సరే.

నీ పాదాలకు దండం, కుట్లు పడిన కాలికి ఇంకోటి.

నీ పెద్దది