నెమలికంఠం చీర

ప్రొద్దుటూరు,
ఆషాఢం, బుధవారం.

అక్కా,

పాలిష్‌కని పులివెందుల నుంచి నువ్వు పంపిన ఆరు పట్టుచీరల్లో ఐదు తిరిగి పంపుతున్నాను. మడతలు మార్చి, పాత పంచెలో చుట్టాను. కలరా ఉండలు జరీకి తగలనివ్వకు, నల్లబడుతుంది.

ఆరోది నీ నెమలికంఠం చీర. దాని సంగతి ఫోన్లో చెబితే సగంలోనే అరుస్తావని రాస్తున్నాను. మన చీరలకు పాలిష్ పట్టే బిస్మిల్లా బీ ఉంది కదా, జమ్మలమడుగులో ఆమె చెల్లెలి కూతురు సనా పెళ్లి జరిగింది. "ఏం కట్టుకుంటాండావు?" అని పెళ్లికి ముందు నేను అడిగితే నవ్వింది.

"ఊరందరి చీరలూ నా ఇంట్లోనే ఉండాయమ్మా, నాదొకటే లేదు."

నాది ఇద్దామంటే నావన్నీ అప్పటికే పాలిష్‌కని రోలర్‌కు చుట్టి ఉన్నాయి, ఒట్టు! అందుకని నీదే ఇచ్చాను.

పెళ్లైన మర్నాడే తెచ్చిచ్చింది. ఎంత వెతికినా ఒక్క మరక కనిపించలేదు. "అసలు కట్టుకున్నావా?" అన్నాను.

"కట్టుకుంటినమ్మా! శానా బాగుందనిరి అందరూ. బిర్యానీ కాడ మాత్రం కూచోలేదు. నూనె పడితే మీ అక్కకేం చెప్పాల?"

సొంత చెల్లెలి ఇంటి పెళ్లిలో ఆకలితో నిలబడిందక్కా. నాకు ఇంకేం తోచలేదు. చీర మళ్లీ ఆమె చేతిలోనే పెట్టి, "మా అక్క నీకే ఇచ్చేయమంది" అన్నాను.

నన్నెంతైనా తిట్టు. ఆమెకు మాత్రం ఫోన్ చేసి, ఔను, నేనే ఇమ్మన్నానని చెప్పు. వచ్చే నెల మైదుకూరులో వాళ్లకు ఇంకో పెళ్లుందట. అక్కడైనా ఆమె కూర్చుని తినాలి.

నీ చెల్లెలు