స్టూలు ఎత్తు

బావా,

మన మొదటి ఆల్బమ్ అమ్మకాల్లో అన్నిటికన్నా పైనుందని పొద్దున ఫోన్‌లో కేకలేశావు. సంతోషమే. ఫోన్‌లో అడిగితే నవ్వులో కలిపేస్తావని ఉత్తరం రాస్తున్నాను.

నా డ్రమ్ పెడల్ సంగతి నీకు తెలుసు. తొక్కినప్పుడల్లా కీచుమంటుంది. నూనె వేస్తే కాలికి పట్టు దొరకదని అలాగే ఉంచాను. ఆల్బమ్ పదిసార్లు విన్నాను. తొమ్మిది పాటల్లో ఒక్క కీచు కూడా లేదు. అడిగితే "సౌండ్ ఇంజనీరు తుడిచేశాడులేరా, నీకన్నీ అనుమానాలే" అన్నావు. నమ్మాను.

నిన్న అక్క నోరు జారింది. "పెళ్లికి ముందు మీ బావ పాడేవాడు కాదురా, డ్రమ్స్ వాయించేవాడు" అంది. ఏడేళ్లుగా నువ్వు పాడితే నేను వాయిస్తున్నాను. ఒక్కనాడైనా ఈ ముక్క చెప్పావా?

ఇంకోటి. రికార్డింగ్ అయిపోయి, నా పెడల్ విప్పి ఇంటికి తెచ్చుకున్న మర్నాడే నాకు జ్వరం తగిలింది. ఆ నాలుగు రోజులూ స్టూడియో మూసేశారన్నావు. తిరిగొచ్చి చూస్తే నా స్టూలు జానెడు కిందికి దిగి ఉంది. ఊడ్చేవాళ్లు కదిపారనుకుని పైకి తిప్పుకున్నాను. మన బ్యాండ్ నలుగురిలో అంత కిందికి దించితే తప్ప పెడల్ అందనిది నీకొక్కడికే.

ఈ ఉత్తరం అక్కకి చూపించకు. శనివారం కచేరీకి టికెట్లన్నీ అయిపోయాయట. వచ్చేవాళ్లు ఆల్బమ్‌లో విన్న వాయింపు కోసమే వస్తారు. ఆ రోజు స్టూలు ఎంత ఎత్తులో పెట్టమంటావో నువ్వే చెప్పు.

నీ బావమరిది