తల ఊపిన పిల్ల

తాండూరు,
మే 12.

చిరంజీవి దశరథ్‌కు అక్క ఆశీస్సులు. ఇక్కడ అందరం బాగున్నాం. నేనొక్కదాన్నే కోపంగా ఉన్నాను. ఫోన్‌లో అయితే మాటకు మాట అడ్డుపడతావని కాగితం పట్టాను.

నువ్వు రాసి పంపిన మాయారాజ్యం నవల రెండుసార్లు చదివాను. ఉత్తరంలో అడిగావు కదా, "రాజ్యమంతా కరువుతోని సస్తుంటే, ఒక్క పిల్లను బలిచ్చి వాన తెప్పిస్తనన్న మంత్రి దుర్మార్గుడెట్లయితడక్కా? లెక్క సరిగనే ఉంది గదా" అని. సరిగ్గా లేదురా. మంత్రికి ఇద్దరు కూతుళ్లని రెండో అధ్యాయంలో నువ్వే రాశావు. వాళ్లు ఆ లెక్కలోకి ఎందుకు రాలేదు? గొర్రెల కాపరి పిల్లే ఎందుకు దొరికింది? వచ్చే ఏడు వాన పడకపోతే మళ్లీ ఎవరి పిల్ల? ఒక్కరు పోతే అందరూ బతుకుతారని చెప్పేవాడు, ఆ ఒక్కడు తనే అవుతానని ఎప్పుడూ అనడు.

అదంతా ఓర్చుకున్నాను. "ఆ పిల్ల ఇష్టంగా తల ఊపింది" అని రాశావు చూడు, అక్కడ ఒళ్లు మండింది.

మన దౌల్తాబాద్‌లో పొట్టేలును కోసే ముందు నీళ్లు చల్లుతారు. అది ఒళ్లు విదిలిస్తే ఒప్పుకుందంటారు. చల్లటి నీళ్లు మీద పడితే విదిలించక ఏం చేస్తుంది? నువ్వూ చూశావు కదా.

ఇన్నేళ్లూ నీకు చెప్పని మాట ఒకటుంది. పదో తరగతి తర్వాత నాకు వికారాబాద్ కాలేజీలో సీటొచ్చింది. నిన్ను చదివించాలంటే గొర్రెల వెంట ఇంకొకరు పోవాలి. నాయిన నలుగురి ముందు అడిగాడు, "నీకు సదువు మీద మనసు లేదు గదా, బిడ్డా?" తల ఊపాను. చదువంటే నాకు ప్రాణంరా. ఆ రోజు అబద్ధం ఆడాను. "కరుణనే వద్దన్నది" అని ఊరంతా చెప్పుకుంది. నువ్వూ ఇప్పటికీ అదే చెబుతావు.

మా అంజలి పదో తరగతి పాసైంది. నిన్న అన్నం తింటూ మీ బావ అడిగాడు, "ముసలవ్వకు చేతనైతలేదు. ఇంటి పట్టున ఉంటవా, బిడ్డా?" అది తల ఊపబోయింది. గడ్డం పట్టుకుని ఆపాను. "ఉండదు. సదువుకుంటది" అన్నాను. ఆయన ఇంకా నాతో మాట్లాడటం లేదు.

నీ మంత్రి గెలిచినా ఓడినా నాకు ఫికర్ లేదు. ఆ తల ఊపిన వాక్యం కొట్టెయ్. జూన్‌లో అంజలి వికారాబాద్ వస్తుంది, మీ ఇంట్లో ఉండి చదువుకుంటుంది. నీకు ఇష్టమేనా అని అడగడం లేదు. తల ఊపు.

ఇట్లు,
నీ అక్క
కరుణ