ఆడవాళ్ళ పెట్టెలో ఉయ్యాల

హుబ్బళ్ళి,
శ్రావణ మాసం.

అక్కకు, చెల్లెలు రంగమ్మ నమస్కరించి రాసుకునేది. ఇక్కడ నేను, మీ మరిది, అత్త ముగ్గురం బాగున్నాం. అక్కడ నువ్వు, బావ, పిల్లలు, నాయన అందరూ బాగున్నారనే తలుస్తున్నాను. పాపకు జ్వరం మళ్ళీ రాలేదు కదా? పలకలు గీకే పనిలో దుమ్ముకు బావకు వచ్చే దగ్గు ఎలా ఉంది? నాయన కళ్ళకు మందు వేస్తున్నావా?

ముందే చెప్పేస్తున్నాను అక్కా, కడుపులో బిడ్డ బాగుంది. ఆరు నెలలు నిండి ఏడో నెల వచ్చింది. ఈ మాట చదివి నువ్వు కాసేపు ఏడుస్తావని తెలుసు. ఏడ్చి, కళ్ళు తుడుచుకుని మిగతాది చదువు.

పాప జ్వరం వల్ల నువ్వు మార్కాపురం రోడ్డు స్టేషనుకు రాలేకపోయావు. "ఈ వొంటితో రైలెక్కొద్దని చెప్పు దానికి" అని బావతో కబురు పంపావు. బావ చెప్పాడు. నాకూ భయంగానే ఉండింది. ముందు రెండు సార్లూ ఐదో నెలలోనే పోయాయి కదా. అప్పటికి ఇది కూడా ఐదో నెలే. మా ఊరి మంత్రసాని బండి దగ్గరకొచ్చి మరీ చెప్పింది, "కూర్చోని పోవద్దమ్మా, ఆ కుదుపుకు నిలవదు. పోతే పండుకోని పో" అని. కానీ మీ మరిదికి సెలవు అయిపోయింది. రైలు పెట్టెలు బాగుచేసే కార్ఖానాలో కొత్త పని, ఆగమంటే ఆగేది కాదు. నన్ను మళ్ళీ ఊళ్ళో వదిలిపోవడం ఆయనకు ఇష్టం లేదు.

అత్త సంగతి నీకు తెలుసు. కొడుకు గొర్రెలను వదిలి రైలు పనికి పోయింది నా వల్లే అని ఆమె మనసులో ఉండేది. ఆయన పోయాక ఏడాది పాటు ఒకే ఇంట్లో ఉండి, నాతో ముఖాముఖి మాట్లాడింది తక్కువ. "ఆ పిల్లకు చెప్పు" అని గోడకు చెప్పేది. అలాంటిది, మేం బయలుదేరే రోజు తెల్లవారి చూస్తే మందను పెద్ద కొడుక్కు అప్పజెప్పి, గొంగడి భుజాన వేసుకుని బండి పక్కన నిలబడి ఉంది. ఎందుకు వస్తున్నావని ఎవరూ అడగలేదు, ఆమె చెప్పనూ లేదు.

స్టేషనుకు చేరేసరికి పొద్దు వాలింది. మీ మరిది స్టేషను మాస్టరుతో మాట్లాడి పరుగున వచ్చాడు.

"సెకండు క్లాసులో ఆడోళ్ళ గదిలో ఒక బెర్తు ఖాళీ ఉందంట. గుంటూరు నుంచి తంతి వచ్చిందంట. మెత్తగా పరుపు ఉంటాది. నువ్వు ఆడ పండుకో. నేనూ అమ్మా థర్డు క్లాసులో వస్తాం."

"అత్త నాతో రాదా?"

"ఒక్కటే బెర్తు. ఇంకొకర్ని రానీరు."

"నొప్పి వస్తే ఎవర్ని పిలిచేది?"

"పక్కన ఎవరో ఒకరు ఉంటారు కదా. ఏ జంక్షన్లోనో నేను వచ్చి చూసి పోతా" అన్నాడు. పాపం, ఆయన నా మంచికే చెప్పాడు. చెక్క బల్ల మీద కూర్చోవద్దనే ఆయన తపన.

నేను ప్లాట్‌ఫారం మీద మూటపై కూర్చుని ఆలోచించాను. రెండోసారి పోయినప్పుడు ఇంట్లో నేనొక్కదాన్నే అక్కా. ఆయన ఇక్కడ హుబ్బళ్ళిలో, అత్త మందతో కొండ అంచున. మధ్యాహ్నం నుంచి దీపాల వేళ దాకా ఆ గదిలో ఒక్కదాన్నే పడి ఉన్నాను. నొప్పి మరిచిపోయాను గానీ ఆ నిశ్శబ్దం మరిచిపోలేదు. మెత్తటి పరుపు అనగానే నాకు ఆ గదే కళ్ళ ముందుకొచ్చింది.

"నాకు పరుపు వద్దు" అన్నాను. "ఒంటిగా మెత్త మీద పండుకునేకన్నా, అత్త పక్కన నేల మీద పండుకుంటా. థర్డు క్లాసు ఆడోళ్ళ పెట్టెలో ఎక్కించు."

మీ మరిది తల పట్టుకున్నాడు. అత్త నా వైపు చూసింది. తర్వాత కొడుకుతో, "పోయి నీ పెట్టెలో ఎక్కుపో. పిల్లను నేను పండుకోబెడతా" అంది.

రైలు వచ్చింది. ఆడవాళ్ళ పెట్టె నిండా మనుషులు, మూటలు. కింద కాళ్ళు పెట్టే సందు లేదు. నేల మీద పడుకోవడం కూడా అయ్యే పని కాదని చూడగానే అర్థమైంది. అత్త మాత్రం పైకి చూస్తోంది. అటూ ఇటూ సామాన్లు పెట్టే బల్లలు, వాటిని పట్టి ఉంచే ఇనుప కడ్డీలు. ఆమె కడ్డీని పట్టుకుని ఒకసారి వేలాడింది. చుట్టూ కూర్చున్న ఆడవాళ్ళు నవ్వారు. అత్త నవ్వలేదు. మూట కట్టిన తాడు విప్పి, గొంగడిని రెండు మడతలు వేసి, రెండు కొసలూ బిగించి అటు కడ్డీకి, ఇటు కడ్డీకి కట్టింది. ముందు తనే ఎక్కి కూర్చుని ఊగింది. ముసలామె ఉయ్యాల ఊగుతుంటే పెట్టె పెట్టెంతా విరగబడి నవ్వింది. దిగి నన్ను చూసి,

"ఎక్కు రంగమ్మా" అంది.

నా పేరు పెట్టి పిలవడం అదే మొదటిసారి.

కంభంలో గార్డు లాంతరు ఎత్తి కిటికీలోంచి చూశాడు. "ఏందమ్మా ఇది, రైలనుకున్నావా, ఇల్లనుకున్నావా?"

"రైలే నాయనా. ఇల్లయితే నిన్ను కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చేదాన్ని కదా" అంది అత్త. ఆయన నవ్వుకుంటూ పోయాడు.

రైలు ఎంత కుదిపినా అక్కా, ఆ కుదుపు నా దాకా రాలేదు. తాడు దగ్గరే ఆగి, మెల్లగా ఊపుగా మారి నన్ను చేరేది. గొంగడికి వాన వాసన, ఉన్ని వాసన. గిద్దలూరు దాటాక వెన్నెల వచ్చింది. కిటికీలోంచి ఒక వెన్నెల ముక్క లోపలికి వచ్చి, నా కాళ్ళ మీద నడిచి, కడుపు మీద ఆగి, మళ్ళీ బయటికి పోయేది. దిగువమెట్టలో ఎక్కిన, అడవిలో తేనె తీసే ఒక ఆడమనిషి కుండ ఒళ్ళో పెట్టుకుని మూటల మధ్య ఇరుక్కుని కూర్చుని పైకి చూసింది. "ఈయమ్మ పండుకున్నట్టు లేదు, కొమ్మకు తేనెపట్టు ఏలాడినట్టుంది" అంది. కుండలో వేలు ముంచి నా నాలుకకు రాసింది. ఆ తీపితోనే రెప్పలు వాలాయి.

సొరంగంలోకి పోయినప్పుడు నిద్రో మెలకువో తెలియలేదు. చీకటి, చప్పుడు, అత్త చెయ్యి నా నుదుటి మీద. బయటికి వచ్చాక ఎత్తైన వంతెన. కింద లోయ నిండా వెన్నెల, చెట్ల తలలు మబ్బుల్లా ఉన్నాయి. రైలు గాలిలో పోతున్నట్టే ఉంది. అప్పుడు అత్త కిటికీ వైపు తిరిగి నెమ్మదిగా మాట్లాడింది.

"వానల్లేని ఏడు మీ మామా నేనూ మందను ఈ కొండల్లోకే తోలుకొచ్చినాం. నాకు తొలి కానుపు ఈడనే అయింది. ఆడపిల్ల. కండ్లు తెరిచి నన్ను చూసింది. ఒక్క రోజు ఉండి పోయింది. ఆ లోయలోనే ఒక చెట్టు కింద పెట్టినాం. నా కొడుకులకు గూడ చెప్పలేదు నేను."

గొంగడిలోంచి చెయ్యి బయటికి చాపాను. ఆమె పట్టుకుంది. నంద్యాల దీపాలు కనబడే దాకా వదల్లేదు. ఆ రాత్రి నాకొచ్చిన కలలో మంద అంతా వెన్నెల్లో వంతెన మీద నడిచిపోతోంది, ఒక చిన్నపిల్ల ముందు నడుస్తోంది.

తెల్లవారి చూస్తే నల్లరేగడి నేలలు, జొన్న పైర్లు. నాకు నొప్పి లేదు, నీరసం లేదు. గుంతకల్లులో మీ మరిది టీ పట్టుకుని పరుగెత్తుకొచ్చి, ఉయ్యాల చూసి, నన్ను చూసి, టీ ముందు అత్త చేతికి ఇచ్చాడు.

ఇక్కడ ఎప్పుడూ ముసురే. మన దగ్గర వాన కోసం ఎదురు చూస్తాం, ఇక్కడ ఎండ కోసం. గుడ్డలు ఆరవు. పొద్దున్నే కార్ఖానా కూత వినబడగానే ఆయన వెళ్ళిపోతాడు. ఇక్కడి జొన్నరొట్టె తమలపాకంత పలుచగా ఉంటుంది. మేం మాత్రం సంగటి చేసుకుంటున్నాం. పక్కింటి కన్నడ ఆమె తెలుగు అర్థం కాకపోయినా వచ్చి కూర్చుంటుంది. అత్త ఆమెతో మన భాషలోనే గంటలు గంటలు మాట్లాడుతుంది, ఇద్దరూ తలలూపుకుంటారు. సాయంత్రాలు ఆమె మేకలను అత్తే తోలుకొస్తోంది. నాకు మధ్యాహ్నాలు దిగులుగా ఉంటుంది అక్కా. మీ వాకిట్లో పలకలు గీకే చప్పుడు లేక ఇల్లు ఇల్లులా లేదు. అయినా నా గురించి బెంగ పెట్టుకోవద్దు. నిజంగా బాగున్నాను.

మీ ఊరి వాళ్ళు ఎవరైనా ఇటు వస్తే ఎండబెట్టిన గోంగూర, నీ పాత మెత్తటి చీర ఒకటి పంపించు. నాయనకు, బావకు నా దండాలు. మీ వీధి పెద్దలందరికీ నమస్కారాలు చెప్పు. పిల్లలను ఒకసారి నా బదులు ఒళ్ళోకి తీసుకో. మీ అందరి దీవెన నాకు ఇప్పుడు చాలా కావాలి.

ఇది రాస్తుంటే అత్త పక్కకొచ్చి కూర్చుంది.

"ఏం రాస్తున్నావు?"

"మా అక్కకు. నువ్వు చెప్పేదేమన్నా ఉందా అత్తా?"

"మీ చెల్లెలు బాగుంది అని రాయొద్దు. మా బిడ్డ బాగుంది అని రాయి."

ఆమె చెప్పినట్టే రాశాను అక్కా.

ఇట్లు,
నీ చెల్లెలు
రంగమ్మ